చంకలో ఆర్లింగ్టన్

మా అబ్బాయి ఆడే లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్) జట్టు కోచ్ పోయినేడు మార్చిలో ప్రాక్టీసయ్యాక నన్ను పక్కకు పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టాడు. ఈ చుట్టుపక్కల బేస్‌బాల్ ఆడి, తర్వాత యుద్ధాల్లో చనిపోయినవాళ్ల పేర్లు. ఏటా మే నెలాఖరున, మెమోరియల్ డే వారాంతంలో, మొదటి ఆటకు ముందు మైకులో చదువుతారు. ఎవరో ఎప్పుడో టైపు కొట్టిన కాగితం. జెరాక్స్ మీద జెరాక్స్ తీసి తీసి అక్షరాలు చీమల బారులా అయిపోయాయి. "నువ్వు కంప్యూటర్ మనిషివి కదా, ఇవన్నీ ఒకసారి సరిచూసిపెట్టు. వచ్చే ఏడాదికి మంచి బోర్డు చేయిద్దాం" అన్నాడు.

కంప్యూటర్ మనిషినే, కాదనను. బేస్‌బాల్ మనిషిని మాత్రం కాదు. మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. కొబ్బరిమట్టను చెక్కిన బ్యాటుతో క్రికెట్ ఆడి పెరిగినవాణ్ణి. ఫిలడెల్ఫియా పక్కన అప్పర్ డార్బీకి వచ్చి తొమ్మిదేళ్లయినా, మొన్నమొన్నటి దాకా బేస్‌బాల్ అంటే నాకు హాట్‌డాగ్ తింటూ మూడు గంటలు కూర్చోవడమే. అయితే ఊళ్లోవాళ్లు యుద్ధానికి వెళ్లి తిరిగి రాకపోవడమన్నది నాకు కొత్త సంగతేం కాదు. మా ఊరికి దగ్గర్లోనే మాధవరం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ సైన్యానికి మనుషుల్ని పంపుతున్న ఊరు. ఎవరూ ఉత్త మాధవరం అనరు, మిలటరీ మాధవరమే. అదే నాచేత ఒప్పించిందో, మొహమాటమో గానీ, సరేనన్నాను.

కాగితంలో మొదటి పేరు హ్యారీ ఓ'నీల్. పక్కన ఇలా ఉంది: ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ పిచర్, 1922, 1923, మరణం ఇవో జిమా, 1945. చదవగానే లెక్క కుదరలేదు. 1922లో పెద్ద లీగులో, అంటే మేజర్ లీగులో, బంతులు వేసినవాడు 1945కి నలభై దాటి ఉండాలి. ఆ వయసులో పసిఫిక్ దీవి ఒడ్డున మెరీన్ లెఫ్టినెంటుగా దిగుతాడా?

ఒక సాయంత్రం కూర్చుంటే తేలిపోయింది. హ్యారీ ఓ'నీల్‌లు ఇద్దరు. ఇద్దరూ అదే జట్టుకు ఆడారు. 1920ల్లో ఆడిన పిచర్ కెనడావాడు, యుద్ధం ముగిశాక ఇరవై ఏళ్లకు పైగా బతికాడు. చనిపోయినాయన వేరు: 1917 మే 8న ఫిలడెల్ఫియాలో పుట్టి, ఇక్కడే డార్బీ హైస్కూల్లో చదివి, గెటిస్‌బర్గ్ కాలేజీలో ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, బేస్‌బాల్ మూడూ ఆడిన క్యాచర్, అంటే మన వికెట్‌కీపర్ లాంటివాడు. ఒకే ఆఫీసులో ఇద్దరు శ్రీనివాసరావులుంటే ఒకాయన జీతం స్లిప్పు ఇంకొకాయన బల్ల మీదికి రావడం మనకు తెలిసిందే. ఇక్కడ ఏకంగా ఒకాయన చావు ఇంకొకాయన ఖాతాలో పడింది. ఏటా మైకులో అదే చదువుతూ వచ్చారు, ఎవరికీ అనుమానం రాలేదు.

ఈ రెండో ఓ'నీల్ పెద్ద లీగు జీవితమంతా కలిపి ఒక్క ఆట. 1939లో కాలేజీ నుంచి బయటికి రాగానే అథ్లెటిక్స్ తీసుకుంది. జులై 23న డెట్రాయిట్ టైగర్స్ చేతిలో జట్టు 16-3తో చిత్తుగా ఓడుతున్నప్పుడు, చివర్లో, ఇక పోయేదేమీ లేదన్నట్టు మేనేజర్ కాన్నీ మ్యాక్ ఆయన్ని క్యాచర్‌గా దింపాడు. బ్యాటింగ్ వంతు రాకుండానే ఆట అయిపోయింది. మళ్లీ ఎప్పుడూ పిలుపు రాలేదు. రికార్డు పుస్తకంలో: ఆటలు 1, బ్యాటింగ్ 0. ఆ తర్వాత మెరీన్స్‌లో చేరాడు. 1944లో సైపాన్ దీవిలో భుజానికి గాయమైంది, కోలుకుని మళ్లీ దళంలోకి వెళ్లాడు. 1945 మార్చి 6న ఇవో జిమాలో చంపేశారు. ఇరవై ఎనిమిదో ఏడు నిండడానికి రెండు నెలలుంది.

సమాధి ఎక్కడా అని చూస్తే 'ఆర్లింగ్టన్ సెమెటరీ' అని కనబడింది. అమెరికాలో సైనికుడంటే వాషింగ్టన్ పక్కనున్న ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానమే. ఇంకేం ఆలోచిస్తాం? ఆ ఏప్రిల్‌లో ఎలాగూ చెర్రీ పూలు చూడ్డానికి వాషింగ్టన్ వెళ్దామనుకున్నాం. ఒక పూట ఆర్లింగ్టన్‌కు కేటాయించాను. మా ఆవిడ పులిహోర కలిపింది, పిల్లాడు తన గ్లవ్ కూడా పెట్టుకున్నాడు, రెండున్నర గంటల దారి నాలుగు గంటలైంది.

ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో సమాధులు వెతకడానికి వాళ్లదే ఒక యాప్ ఉంది. ఇంటిపేరు కొట్టాను. ఓ'నీల్‌లు బోలెడుమంది. హ్యారీలూ ఉన్నారు. మనవాడు లేడు. అపాస్ట్రఫీ తీసేసి కొట్టాను. 'ఓ' తర్వాత ఖాళీ పెట్టి కొట్టాను. చివర ఒక 'ఎల్' తగ్గించి కొట్టాను. మీలో డేటాబేస్‌లతో బతికేవాళ్లకు ఈ అపాస్ట్రఫీ పెట్టే బాధ తెలిసే ఉంటుంది. చిన్న గీత, ప్రోగ్రాముల్ని కూల్చేస్తుంది. అందుకే చాలా పాత జాబితాల్లో ఆ గీతనే ఎగరగొట్టేశారు. కౌంటర్లో ఉన్నావిడ కూడా ఓపిగ్గా నాలుగు రకాలుగా వెతికి, లేదండీ అని తల ఊపింది.

ఆయన లేడు గానీ ఎల్మర్ గెడియన్ ఉన్నాడు. ఈయనది క్లీవ్‌లాండ్, మా కాగితంలో ఉండే అవకాశం లేదు. అయినా అంత దూరం వచ్చాం కదా అని వెతుక్కుంటూ వెళ్లాం. రెండో ప్రపంచ యుద్ధంలో 500 మందికి పైగా మేజర్ లీగ్ ఆటగాళ్లు యూనిఫాం వేసుకుంటే, వాళ్లలో పోరులో చనిపోయింది ఇద్దరే, గెడియన్, ఓ'నీల్. ఇద్దరూ 1917లోనే మూడు వారాల తేడాతో పుట్టారు. ఇద్దరూ పెద్ద లీగులో ఆడింది 1939లోనే. గెడియన్ వాషింగ్టన్ సెనేటర్స్ జట్టుకు ఐదు ఆటలు ఆడాడు, మూడు హిట్లు కొట్టాడు. 1942లో నార్త్ కరోలినాలోని రాలీ దగ్గర ఆయన ఉన్న బాంబరు కూలితే, తాను బయటపడి కూడా మళ్లీ ఆ మంటల్లోకి దూరి తోటివాణ్ణి లాక్కొచ్చాడు. దానికి సోల్జర్స్ మెడల్ ఇచ్చారు. 1944 ఏప్రిల్ 20న ఉత్తర ఫ్రాన్స్ మీద ఆయన నడుపుతున్న బీ-26 బాంబరును కూల్చేశారు. 27వ పుట్టినరోజు దాటి అప్పటికి ఐదు రోజులు.

ఆ రాత్రి హోటల్లో మళ్లీ వెతుకుతుంటే, ఆర్లింగ్టన్ సెమెటరీ పక్కన కామా పెట్టి ఇంకో రెండు మాటలున్నాయని గమనించాను. డ్రెక్సెల్ హిల్, పెన్సిల్వేనియా.

డ్రెక్సెల్ హిల్ అంటే మా టౌన్‌షిప్పే. ఆ శ్మశానం స్టేట్ రోడ్డు మీద ఉంది. నేను వారం వారం కరివేపాకు కోసం ఆ రోడ్డు మీదుగానే వెళ్తాను. గేటు మీద ఆర్లింగ్టన్ అని రాసి ఉండటం ఎన్నిసార్లు చూశానో, బుర్రకెక్కితేగా! మా ఆవిడ ఫోను తీసుకుని చూసి, "చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదేనన్నమాట" అని అటు తిరిగి పడుకుంది. ఆ మాట ఇప్పటికీ మా ఇంట్లో నడుస్తోంది. కారు తాళాలు కనబడకపోతే, "ఆర్లింగ్టన్‌లో చూశారా?"

ఇంటికొచ్చిన ఆదివారమే పిల్లాణ్ణి తీసుకుని వెళ్లాను. ఎనిమిది నిమిషాలు. అక్కడి పచ్చిక మీద నిలబడ్డాక నాకొక సందేహం వచ్చింది. ఎక్కడో పసిఫిక్ దీవిలో పోయినవాడు ఇక్కడికెలా చేరాడు? తర్వాత చదివి తెలుసుకున్నాను. యుద్ధమయ్యాక ప్రభుత్వం ప్రతి కుటుంబానికీ ఉత్తరం రాసి అడిగింది. మీవాణ్ణి అక్కడి అమెరికన్ శ్మశానంలోనే ఉంచమంటారా, ఇంటికి తెమ్మంటారా అని. సుమారు 1,71,000 మందిని వెనక్కి తెచ్చారు. అంటే చనిపోయినప్పుడొకసారి, శవపేటిక వచ్చినప్పుడొకసారి, ఆ ఇళ్లల్లో రెండుసార్లు ఏడుపు.

ఇక కాగితంలో మిగతా పేర్లు. వాళ్లెవరూ పెద్ద లీగులో ఆడలేదు. చిన్న లీగుల్లోనో, ఫ్యాక్టరీ జట్లలోనో, చర్చి జట్లలోనో ఆడినవాళ్లు. బంధువులు ఈ చుట్టుపక్కలే ఉన్నారు కాబట్టి పేర్లు రాయను. వాళ్లలో ఒకాయన గురించి మాత్రం చెప్పాలి. షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్), ఆర్మీలో పదాతి దళం, ఇటలీలో మరణం. అంతే ఉంది కాగితంలో. మనవాళ్లందరూ ఇక్కడ ఇమిగ్రేషన్ ఫారాలు నింపి ఆరితేరినవాళ్లమే కదా, సర్వీసు రికార్డుల ఫారం ఎస్‌ఎఫ్ 180 నాకు బొమ్మలాటలా అనిపించింది. సర్వీసు ముగిసి 62 ఏళ్లు దాటితే ఎవరైనా అడగొచ్చు, బంధుత్వం అక్కర్లేదు. ఆ ఫైళ్లన్నీ సెయింట్ లూయిస్‌లో ఉంటాయి. నింపి పంపాను.

నెలలు గడిచాక జవాబొచ్చింది. మీరడిగిన ఫైలు 1973 అగ్నిప్రమాదంలో కాలిపోయి ఉండొచ్చు అని. ఆ ఏడాది జులై 12న ఆ భవనంలో పుట్టిన మంటలు రోజుల తరబడి ఆరలేదు. కోటీ అరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల ఫైళ్లు పోయాయి. 1912 నుంచి 1960 దాకా ఆర్మీలో చేసినవాళ్లవి నూటికి ఎనభై. నకళ్లు లేవు, మైక్రోఫిల్మ్ లేదు. నేవీ, మెరీన్ల ఫైళ్లు ఆ మంటల్లో పడలేదు. ఓ'నీల్ మెరీన్, కాబట్టి ఆయన కాగితాలకు గండం తప్పింది. అదే వీధివాడు, అదే వయసువాడు, ఆర్మీలో చేరిన పాపానికి మా షార్ట్‌స్టాప్ కాగితాలు బూడిదయ్యాయి.

నేను చేతులెత్తేసేవాణ్ణే. పెద్దాయన పట్టుబట్టాడు. పెద్దాయనంటే ఇక్కడి మాజీ సైనికుల సంఘంలో ఒకాయన, వియత్నాంలో సార్జెంటు. మొదటిసారి కలిసినప్పుడు అలవాటు కొద్దీ "సార్" అన్నాను. "సార్ అనకు, నేను కష్టపడి బతికినవాణ్ణి" అన్నాడు. నాకు అర్థం కాలేదు. సార్జెంట్లకు ఇది పాత జోకట. సార్ అనేది ఆఫీసర్లను, పని చేసేది మేము అని. పేరు పెట్టి పిలవమన్నాడు. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. చివరికి ఏ పేరూ లేకుండానే ఏడాదంతా మాట్లాడాను. మన పద్ధతిలో ఏ బాబాయిగారో అని ఉంటే ఇద్దరికీ హాయిగా ఉండేది.

ఆయన చెప్పింది ఏమిటంటే, ఆర్మీలో చనిపోయినవాడికి సర్వీసు ఫైలు వేరు, మరణం ఫైలు వేరు. ఆ రెండోది వేరే చోట ఉండబట్టి కాలలేదు. అది అడుగు అన్నాడు. అడిగాను. వచ్చింది.

ఆ ఫైలు గురించి చెప్పకుండా ఉండలేను. స్కాన్ చేసిన పాత కాగితాలు. అంచులు గోధుమరంగు, కార్బన్ కాపీల నీలం మసక. పళ్ల చార్టు ఉంది, ఏ పన్నుకు సిమెంటు పెట్టించుకున్నాడో దానితో సహా. తాత్కాలిక సమాధి వరస, నంబరు. మధ్యలో ఒక పేజీ, ఇంటికి పంపిన సామాన్ల జాబితా: ఫౌంటెన్ పెన్ 1, క్షవరం సామాన్లు, పర్సు 1, ఫొటోలు 11, జపమాల 1. గ్లవ్ ఉంటుందేమోనని వేలు పెట్టి వరస వరసా చూశాను. లేదు. చేతి గడియారం కూడా లేదు. ఆ వెనకే తల్లి చేత్తో రాసిన ఉత్తరం. మీరు పంపిన పెట్టె అందింది, వాడి గడియారం మాత్రం రాలేదు, వాళ్ల నాన్న కొనిచ్చినది, వెనక అక్షరాలు చెక్కించాం, దయచేసి వెతకండి అని. దానికి ఒక జవాబు, వెతికిస్తున్నాం అని. మూడు నెలల తర్వాత ఆమెదే ఇంకో ఉత్తరం. మళ్లీ గడియారమే. దానికీ జవాబు, దొరకలేదు, విచారిస్తున్నాం అని. బేస్‌బాల్ ప్రస్తావన ఫైలు మొత్తంలో ఒకే ఒక్క చోట ఉంది. తల్లి రెండో ఉత్తరంలో, గుర్తు చెప్పడానికి: ఆట ఆడేటప్పుడు కూడా వాడు ఆ గడియారం తీసేవాడు కాదు, అద్దం మీద గీత ఉంటుంది అని.

ఆ రాత్రి ఆఫీసు పనేదీ చేయలేకపోయాను.

జాబితాలో ఎవరుండాలన్న దాని మీద పెద్దాయనకూ నాకూ చాలా గొడవైంది. లోకల్ అంటే ఇక్కడ పుట్టినవాడా, ఇక్కడ ఆడినవాడా, ఇక్కడ పాతిపెట్టినవాడా? ఎడ్డీ గ్రాంట్ సంగతి చూడండి. మసాచుసెట్స్‌వాడు, హార్వర్డ్‌లో చదివాడు, 1907 నుంచి 1910 దాకా మన ఫిలడెల్ఫియా ఫిలీస్ జట్టుకే ఆడాడు. 1918 అక్టోబర్ 5న ఆర్గాన్ అడవిలో, శత్రువులు చుట్టుముట్టిన 'లాస్ట్ బెటాలియన్' కోసం తన కంపెనీని నడిపిస్తూ చనిపోయాడు. సమాధి ఫ్రాన్స్‌లోనే. 1921లో న్యూయార్క్‌లో పోలో గ్రౌండ్స్ అనే బేస్‌బాల్ మైదానంలో ఆయన పేరిట స్మారకం కట్టారు, అదీ మైదానం లోపలే, సెంటర్ ఫీల్డ్ చివర. 1957లో అక్కడ జెయింట్స్ జట్టు చివరి ఆట అయ్యాక జనం మైదానంలోకి దూసుకొచ్చినప్పుడు దాని మీది ఫలకం మాయమైంది. ఆయన్ని పెడదామని నేను. నాలుగేళ్లు అద్దెకున్నంత మాత్రాన లోకలైపోడు అని పెద్దాయన. తొమ్మిదేళ్లుగా అద్దెకుంటున్న నేను ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూశాను. ఆయనకు వెలిగింది. గ్రాంట్‌ను పెట్టాం.

యుద్ధంలో ఫ్లూతో పోయినవాళ్లు? శిక్షణలో విమానం కూలి పోయినవాళ్లు? తూటా తగిలినవాడే లెక్కా? అందరినీ పెట్టాలన్నాడాయన. దీనిమీద వాదన లేదు. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది 'ఇద్దరే' అనే ఆ అంకె. 1939 నాటికి మేజర్ లీగుల్లో నల్లవాళ్లను ఆడనిచ్చేవారే కాదు. ఆ అడ్డుగోడ దాటిన నల్ల ఆటగాడు జాకీ రాబిన్సన్ వచ్చింది 1947లో. మా పక్కనే డార్బీలో హిల్‌డేల్ అనే నల్లవాళ్ల జట్టు ఉండేది. 1925లో వాళ్ల వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టు. వాళ్లు ఆడిన నీగ్రో లీగులను మేజర్ లీగులుగా గుర్తించింది 2020 డిసెంబరులో! మరి ఆ ఇద్దరు అనే లెక్క ఎవరు వేసింది, ఎవరిని వదిలేసి వేసింది? కోచ్ ఇచ్చిన కాగితంలో నల్లజాతి ఆటగాడి పేరు ఒక్కటి లేదు. నల్లవాళ్ల పత్రికల పాత సంచికలు తిరగేసి మేం రెండు పేర్లు చేర్చగలిగాం. ఇంకా ఉంటారు. బోర్డు కింద సగం ఖాళీ వదలమని ప్రింటింగువాడికి చెప్పాం.

ఈ ఏప్రిల్లో షార్ట్‌స్టాప్ సమాధి రాయి కడిగాం. ముందు శ్మశానం ఆఫీసులో అనుమతి తీసుకోవాలి. అది లేకుండా ఎవరూ మొదలుపెట్టకండి. నేను ఇంట్లోంచి బ్లీచూ, ఇనుప బ్రష్షూ పట్టుకెళ్లాను. పెద్దాయన చూసి రెండూ తీసుకుని తన కారు డిక్కీలో పడేసి తాళం వేశాడు. బ్లీచ్ పాలరాయిలోకి ఇంకి లోపల్నుంచి తినేస్తుందట. ఇనుప బ్రష్షు అక్షరాల్ని అరగదీస్తుంది. ముందు రాయిని నీళ్లతో బాగా నానబెట్టాలి. తర్వాత డీ/2 అనే ద్రావణం చల్లి పది పదిహేను నిమిషాలు ఆగాలి. మెత్తటి నైలాన్ బ్రష్షుతో కింద నుంచి పైకి రుద్దాలి. పై నుంచి మొదలుపెడితే మురికి నీరు కిందికి చారలు కడుతుంది. అక్షరాల సందుల్లో నాచును ఐస్‌క్రీం పుల్లతో తీయాలి. పిల్లాడికి ఆ పని ఇచ్చాం. నాలుక బయటపెట్టి, పుట్టిన తేదీలో '9' గుండ్రం లోపల నుంచి పచ్చటి పొడి తీస్తూ పావుగంట కూర్చున్నాడు. రాయి వెంటనే తెల్లబడదు, నెలల మీద తేటబడుతుంది అన్నాడు పెద్దాయన.

పోతూ పోతూ రాయి మీద ఒక పెన్నీ, అంటే ఒక సెంటు నాణెం, పెట్టాడు. చూసి వెళ్లాం అని గుర్తట. శిక్షణలో కలిసి ఉంటే ఐదు సెంట్ల నికెల్, కలిసి సేవ చేస్తే పది సెంట్ల డైమ్, చనిపోయినప్పుడు పక్కనుంటే పాతిక సెంట్ల క్వార్టర్. ఇంకెక్కడైనా ఎప్పుడైనా క్వార్టర్ పెట్టారా అని మా వాడు అడిగేశాడు. పెద్దాయన బ్రష్షులు బకెట్లో వేస్తూ, పెట్టాను అన్నాడు. అంతకంటే మేం అడగలేదు.

మే నెలాఖరు శనివారం. ఎండ బాగానే ఉంది. బోర్డు పొద్దున్నే వచ్చింది, ముదురు నీలం మీద తెల్ల అక్షరాలు. పేర్లు చదివే పని నాకే పడింది. నా యాసలో ఎవరి పేరు ఎలా పలుకుతుందోనని రాత్రంతా మా ఆవిడ ముందు బట్టీ పట్టాను. ఓ'నీల్ దగ్గరికి వచ్చేసరికి, ఒక ఆట, బ్యాటింగ్ సున్నా అని చదివాను. వరసలో నిలబడ్డ పిల్లల్లో ఒకడు, "సున్నాకి అవుటయ్యాడా?" అని గుసగుసలాడాడు. కాదురా, బ్యాటింగే రాలేదు అన్నాడు మా వాడు. స్కోర్ కార్డులో 'డిడ్ నాట్ బ్యాట్' చూసి పెరిగిన ఇంటి పిల్లాడు మరి.

అన్నీ చదివి దిగాక, ఆటకు ముందు పెద్దాయన నన్ను బోర్డు దగ్గరికి పిలిచాడు. ఏమీ అనకుండా మొదటి వరస చూపించాడు. నేను ప్రింటింగువాడికి పంపిన ఫైల్లో సరిగ్గానే ఉంది. వాడి సాఫ్ట్‌వేర్ మింగేసింది. 'ఓ'కూ 'నీల్'కూ మధ్య ఏమీ లేదు. ఆయన జేబులోంచి తెల్ల మార్కరు తీశాడు. ముందే తెలిసి తెచ్చాడో, ఎప్పుడూ ఉంటుందో. చెయ్యి కాస్త వణుకుతుంటే ఎడమ చేత్తో మణికట్టు పట్టుకుని ఆ గీత పెట్టాడు. ఆరేదాకా ఇద్దరం బోర్డుకు అడ్డంగా నిలబడ్డాం, పిల్లలు బంతి తగిలించకుండా.